వరంగల్ నుంచి నర్సంపేట దాకా

“ఇయ్యాల పిల్లలకు ఏం చెప్పిన్రు సారూ?” రాట్నం మీద నూలు కండెలు చుడుతూనే అడిగింది భవాని.

కుమారస్వామి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. జవాబు బస్సులోనే సిద్ధం చేసుకున్నాడు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం, ఒకదానికీ ఇంకోదానికీ తేడా రావడం ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఎనిమిదో తరగతికి చెప్పానన్నాడు. గొంతు తడబడలేదు. మొదటి రోజు తడబడింది. ఇరవై రెండు రోజులయ్యేసరికి అబద్ధం కూడా అన్నం తిన్నంత మామూలైపోయింది.

చెప్పడానికి అసలు బడే లేదు. నర్సంపేటలో ఆయన తొమ్మిదేళ్ళు పనిచేసిన ప్రైవేటు బడివాళ్ళు గోడకు పెద్ద తెర బిగించుకుని, ఇక ఇంగ్లీషు పాఠం అదే చెబుతుంది, మీరు రానక్కర్లేదన్నారు. ఆయనకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే. మర్నాడు పొద్దున కాళ్ళు వాటంతటవే బస్టాండుకు నడిచాయి. నర్సంపేటలో దిగి, సాయంత్రందాకా బస్టాండు బెంచీమీద కూర్చుని, మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చాడు. అప్పటినుంచీ అదే ఆయన ఉద్యోగం. జీతం ఎప్పుడూ రెండు నెలలు ఆలస్యంగా వచ్చేదే కాబట్టి ఆ గండం ఇంకా మీదికి రాలేదు.

భవానికి చెప్పేయవచ్చు. కానీ వాళ్ళుండే నేతగాళ్ళ సందులో మగ్గం దిగి చాక్‌పీసు పట్టుకున్నవాడు తన మొగుడొక్కడేనని ఆమె తొమ్మిదేళ్ళుగా మురుస్తోంది. నలుగురిలో ‘మా ఆయన’ అనదు, ‘మా సారు’ అంటుంది. ఆ ముఖం చిన్నబోతే చూడలేనన్న భయం ఒక్కటే ఆయనలో ఇంకా మొద్దుబారకుండా మిగిలింది.

మొదటి రోజే దొరికిపోవడం కొద్దిలో తప్పింది. ధ్యాస ఎక్కడో ఉండి టిఫిన్ డబ్బా గూట్లోనే మరిచిపోయి వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంది. అడిగితే, అన్నం పారేయలేక తానే తిన్నానంది. ఆ వెంటనే కూతురు సుకన్య సగం వాడి వదిలేసిన నోటుబుక్కు తెచ్చుకుని ఆయన ముందు చతికిలబడింది.

“బిడ్డకు హోంవర్క్ చెప్పాలంటే నాకు గూడ ఇంగ్లీషు రావాలె. మీరు చెప్పే పాఠమే రోజూ నాకూ చెప్పుండ్రి.”

ఆనాటి నుంచి ఆమె డబ్బా చేతికిచ్చి పంపడం మానలేదు, సాయంత్రం పాఠం అడగడమూ మానలేదు. గోరుచుట్టుమీద రోకటిపోటు అన్నట్టయింది ఆయనకు. ఉద్యోగం పోయినవాడు ఊరికే కూర్చోవడానికి కూడా లేకపోయింది. ఆమె అడుగుతుంది కాబట్టి, ఆ బెంచీమీదే రోజుకో పాఠం తయారుచేసుకోవాల్సి వచ్చేది.

“ద బస్ గోస్ ఫ్రమ్ వరంగల్ టు నర్సంపేట,” అన్నాడు. ఆమె రాట్నం ఆపి, నోట్లో అనుకుంటూ రాసుకుంది. “ద రేట్ వేరీస్ ఫ్రమ్ షాప్ టు షాప్.” దుకాణం దుకాణానికీ ధర మారుతుందని అర్థం చెప్పి, ఇప్పుడు సొంతంగా ఒకటి చెప్పమన్నాడు.

భవాని పెన్ను పక్కనబెట్టి, వేళ్ళమీద మాటలు కూర్చుకుంది.

“మై టీచర్ కమ్స్ ఫ్రమ్ నర్సంపేట టు మై హౌస్ ఎవ్రీ డే.”

బాగుందన్నాడు. ఆమెకు నర్సంపేట అంటే పేరు తెలుసేగానీ ఊరు తెలియదని ఆయన లెక్క. అక్కడ చుట్టమూ లేదు, పక్కమూ లేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక సందులోని ఆడవాళ్ళంతా సున్నా టికెట్లు పట్టుకుని ఊళ్ళు తిరిగొస్తుంటే, ఈమె మాత్రం రాట్నం వదిలి కదలదని ఆయన ఒకప్పుడు ఆటపట్టించేవాడు. ఈమధ్య ఆటపట్టించడం కూడా మరిచిపోయాడు.

“సారూ, బడి బడికి పాఠం గూడ మారుతదా?”

“పాఠం గదే. పిల్లలే మారుతరు.”

“అట్లయితే మనింట్ల చెప్పినా గదే పాఠమాయె.”

ఆయన తలెత్తాడు. ఆమె మళ్ళీ రాట్నం తిప్పుతూ, పక్కింటి రాజేశ్వరి, ఎదురింటి వరలక్ష్మి తమ పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పమంటున్నారని, ఇప్పటికి ఎనిమిదిమంది తేలారని, తాను వసారా ఊడ్చి చాపలు పరుస్తానని చెప్పుకొచ్చింది. తనకు తీరికెక్కడిదన్నాడు. బడి ఉన్నవాడు అనాల్సిన మాట అదే కదా.

“తొందరేం లేదు. జర ఆలోచన చెయ్యుండ్రి,” అని ఆమె బియ్యం కడగడానికి లేచింది.

కుమారస్వామి ఎర్రపెన్ను తీసుకుని నోటుబుక్కు దిద్దడానికి కూర్చున్నాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. ఇరవై రెండు పాఠాలు వరసగా ఉన్నాయి. మొదట్లో చీమల్లా చెదిరిన అక్షరాలు ఇప్పుడు గీతమీద కుదురుగా నిలబడ్డాయి. తొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లవాడు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు. ఆ సంగతి తోచినా, సంతోషం మాత్రం రాలేదు.

మొదటి పాఠం దగ్గర గుర్తుకోసం ఒక చిన్న కాగితం పెట్టుకుంది. తీసి చూశాడు. బస్సులో కండక్టరు మిషనులోంచి చింపి ఇచ్చే టికెట్టు. అచ్చు వెలిసిపోతోంది గానీ చదవడానికి వస్తోంది. వరంగల్ నుంచి నర్సంపేట. మహిళ ఒకరు. సున్నా రూపాయలు. వేళ పదకొండు నలభై. పక్కన తేదీ ఉంది.

అది ఆయన టిఫిన్ డబ్బా మరిచిపోయిన రోజు.