గిహ్వాన్ చేతి బీరు

“ఊహూఁ. అన్న చేసినట్టు లేదు వదినా,” అంటూ దాల్సు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

యోన్‌సిల్ ముఖం చిన్నబోయింది. “కాస్తయినా దగ్గరగా లేదా?”

“అస్సలు లేదు,” అన్నాడు పక్కనే కూర్చున్న పిల్‌గ్యూ, తన గ్లాసు ముందుకు జరుపుతూ. “ఇంకొంచెం పొయ్యండి.”

ఇద్దరూ జెచోన్ రైల్వే షెడ్డులో ఆమె భర్త గిహ్వాన్ కింద పనిచేసినవాళ్ళు. పోయిన చలికాలంలో గిహ్వాన్ పనిలో ఉండగానే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేంత వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఆయనకు ఉన్న సరదా ఒక్కటే. సెలవు దొరికితే చాలు, వరండాలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి బీరు కాచేవాడు. చెర్రీలు పూసే వేళకి గోధుమ బీరు, ఎండలకి పల్చటిది, ఆకులు రాలేటప్పుడు నల్లటిది, మంచు కురిసే రోజులకి చిక్కటి ఘాటుది. యోన్‌సిల్‌కి బీరు పడదు. ఒక్క గుటక వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. అందుకని ఆయన సీసాలన్నీ సంచిలో వేసుకుని షెడ్డుకి మోసుకుపోయేవాడు. సాయంత్రం చిన్నపిల్లాడిలా మురిసిపోతూ వచ్చేవాడు.

“ఒక్క చుక్క మిగల్చలేదు తెలుసా! సీసాలన్నీ ఖాళీ!”

మొదటి సంవత్సరీకం నాడు ఫొటో ముందు ఆయన చేతి బీరే పెట్టాలని ఆమె పట్టుబట్టింది. కానీ ఆయన ఏదీ కొలిచి వేసే మనిషి కాదు, ఎవరికీ నేర్పిందీ లేదు. మిగిలింది గిన్నె, పులియబెట్టే డబ్బా, కిమ్చీ పచ్చడి దాచుకునే ఫ్రిజ్‌లో, బీరుకి చేదు పట్టించే హాప్స్ పూలు కాసిని. రుచి చెప్పగలిగినవాళ్ళు ఈ ఇద్దరే.

వేసవిలో మళ్ళీ పిలిచింది. బీరు సామాన్లు అమ్మే కొట్టువాడు చెప్పినట్టే బార్లీ నానబెట్టింది, వడకట్టింది, ఆవిరికి చెయ్యి కాల్చుకుంది. వాళ్ళిద్దరూ వచ్చి, చెమటలు తుడుచుకుంటూ గటగటా తాగేశారు.

“ఆయన చేసినట్టుందా?”

“లేదు వదినా. కానీ ఇది కూడా...”

“దీని సంగతి నాకెందుకయ్యా! ఆయనది ఎలా ఉండేదో చెప్పు. తీపా? చేదా?”

దాల్సు పిల్‌గ్యూ వైపు చూశాడు. పిల్‌గ్యూ కిటికీ వైపు చూశాడు.

“దాన్ని మాటల్లో చెప్పలేం,” అన్నాడు దాల్సు చివరికి.

వాళ్ళు వెళ్ళాక యోన్‌సిల్ వరండాలో నేల మీద కూలబడింది. ఆయన పోయాక డబ్బా మూత తీస్తే లోపల అంతా జిగట, గుప్పుమని పుల్లటి వాసన. ముక్కు మూసుకుని వేడినీళ్ళు పోసి మరీ తోమేసింది. ఆ జిగటలోనే ఉందేమో ఆయన చేతి మహిమ! చేజేతులా తనే కడిగి పారబోసుకుంది. ఆ ఆలోచన వచ్చినప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు.

ఆకులు ఎర్రబడ్డ రోజుల్లో నల్ల బీరు కాచింది. ఈసారి బార్లీ మాడింది. ఏడుస్తూ పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది. పిల్‌గ్యూ ఒక గ్లాసు తాగి, అడగకుండానే రెండోది వంచుకున్నాడు. మీసాలకి అంటిన నురగ తుడుచుకున్నాడు.

“అన్నది ఇలా ఉండేది కాదు,” అన్నాడు నెమ్మదిగా.

యోన్‌సిల్ చేతిలోని గరిటె విసిరికొట్టింది. అది గోడకు తగిలి కింద పడింది.

“మరెందుకు తాగుతున్నావ్? ముండమోసింది కష్టపడిందని జాలా? నచ్చనిదాన్ని అలా ఊడ్చుకుని తాగక్కర్లేదు. పొండి!”

“అది కాదు వదినా...”

“పొమ్మన్నానా!”

ఇద్దరూ తలలు వంచుకుని చెప్పులేసుకున్నారు.

సంవత్సరీకం నాటికి ఊరంతా మంచు కప్పేసింది. ఘాటు బీరు సీసాల్లో సిద్ధంగానే ఉన్నా, యోన్‌సిల్ వాటిని ముట్టుకోలేదు. ఫొటో ముందు చేప, ముల్లంగి పులుసు, పళ్ళు, కొట్లో కొన్న బియ్యపు సారా పెట్టింది. దాల్సు, పిల్‌గ్యూ వచ్చి సాష్టాంగపడి దణ్ణాలు పెట్టారు. సాయంత్రం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు.

చివరికి ఆమె లేచి వెళ్ళి రెండు సీసాలు తెచ్చి వాళ్ళ ముందు ఠపీమని పెట్టింది.

“తాగండి. ఇదే ఆఖరు. రేపు గిన్నె, డబ్బా అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాను.”

“ఇచ్చెయ్యకండి వదినా!” పిల్‌గ్యూ కంగారుపడ్డాడు.

“ఉంచుకుని ఏం చెయ్యను? ఏడాదంతా కాచాను. చేతులు కాల్చుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా ఆయన చేసినట్టుందని మీ నోటితో అనలేకపోయారు. ఆయనకి ఇష్టమైనదాన్ని ఆయన ముందు పెట్టుకునే అదృష్టం కూడా లేదు నాకు.”

దాల్సు గ్లాసులోకి వంచుకుని తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ గ్లాసు పూర్తయ్యేదాకా తెరవలేదు.

“ఇదీ అంతేగా?” అంది యోన్‌సిల్.

“అంతే వదినా. దీనికీ దానికీ పోలికే లేదు.”

“అయితే ఇవాళ చెప్పాల్సిందే. ఆయన ఫొటో ముందే చెప్పండి. ఆయన బీరులో ఉన్నదేమిటి, నా దాంట్లో లేనిదేమిటి?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్‌గ్యూ లేచాడు. ఫొటో ముందు మోకరిల్లి, “క్షమించన్నా,” అని గొణిగి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా గోడవైపు తిప్పాడు.

దాల్సు గొంతు బాగా తగ్గించాడు.

“అన్న చేసింది మేం ఏనాడూ మింగలేకపోయాం వదినా.”