అల్లుడు ఎటు దూకుతాడు?

“అమ్మాయిని ఆ మాట అడిగారంటే మాత్రం నేను ఊరుకోను,” అంది కోచ్ భార్య, కూర తరగడం ఆపి.

“నేనేం అడిగానే? మంచినీళ్ళు అడిగాను, అంతేగా!” అన్నాడు కోచ్.

పొద్దుటి నుంచీ మంచినీళ్ళ వంకతో ఎన్నిసార్లు వంటింట్లోకి వచ్చాడో ఆయనకే తెలీదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు. ఫ్యాను వేస్తాడు, ఆపుతాడు. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న కూతురి వైపు ఓసారి తొంగిచూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ హాల్లోకి వస్తాడు.

తిరగడూ మరి! రేపే మిల్లు జట్టుకీ ఏటి అవతలి వంతెన జట్టుకీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఓడినవాళ్ళు లీగులోంచి బయటికి. మిల్లు జట్టు ఓడిందా, మైదానం కూడా గోవిందా. అక్కడ లారీలు నిలబెట్టుకోవాలని మిల్లు యజమాని ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు. ఆ మైదానం తప్ప మన కోచ్‌కి వేరే లోకం లేదు.

రెండు జట్లూ లీగులో అట్టడుగున పడి ఉన్నవే. పౌరుషానికి మాత్రం ఏ లోటూ లేదు. ఆడుతూ గోలు కొట్టడం ఇద్దరికీ చేతకాదు కాబట్టి, వీళ్ళ మ్యాచ్ ఎప్పుడూ సున్నా సున్నాతోనే ముగిసి పెనాల్టీల దాకా పోతుంది. ఎదుటి గోల్‌కీపర్ ఎటు దూకుతాడో తెలిస్తే పని సగం అయిపోయినట్టే. వంతెన జట్టు గోల్‌కీపర్ ఎవరో కాదు, కోచ్ సొంత అల్లుడే.

అమ్మాయి ఇప్పుడు పుట్టింట్లో ఉన్నది కూడా అందుకే. మ్యాచ్ వారం వచ్చిందంటే, అవతలి పక్క నుంచి వచ్చిన కోడళ్ళంతా పుట్టిళ్ళకి వెళ్ళిపోవాలి. ఆ వారం వేసే ఎత్తులు వాళ్ళ చెవిన పడకూడదని రెండు జట్ల పెద్దలూ కలిసి పెట్టిన కట్టుబాటు అది. ఈ రెండు జట్లూ కలిసి చేసిన పని అదొక్కటే, అదీ సరిగ్గా ఆలోచించి చెయ్యలేదు. ఏడాది పొడుగునా మొగుణ్ణి చూసిన ఆడమనిషి ఆ సంగతులన్నీ మనసులో పెట్టుకునే పుట్టింటికి వస్తుందని ఒక్కరికీ తట్టలేదు!

భార్య ఆరిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళింది. కోచ్ చటుక్కున కూతురి గదిలోకి దూరాడు.

“ఏమ్మా, మీ ఆయన బాగున్నాడా?”

“బాగున్నాడు నాన్నా.”

“నిద్ర పడుతోందా? ఎటు తిరిగి పడుకుంటాడు, ఎడమకా, కుడికా?”

“నాన్నా!” అంది కూతురు, నవ్వాపుకుంటూ.

కోచ్ మంచం అంచున కూలబడ్డాడు. ఇక నటించే ఓపిక లేదు.

“ఆ మైదానం పోతే నేనేమైపోతానే? పొద్దున్నే లేచి ఎక్కడికి పోను? నా కాలంలో అయితే ఇలా ఒకర్ని అడుక్కునే ఖర్మ ఉండేది కాదు. అప్పటికి మా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అవతల మా మామగారు, అదే మీ తాతయ్య, వంతెన జట్టుకి కోచ్, ఇవతల నేను మిల్లు జట్టుకి గోల్‌కీపర్ని. ఆఖరి పెనాల్టీ…”

“కొట్టేవాడి కళ్ళలోకి చూశావు, కుడికి దూకావు, ఆపేశావు. ఈ కథ నాకు చిన్నప్పుడు అన్నంలో కలిపి పెట్టావుగా నాన్నా.”

“నాకు కుడికి దూకడం అలవాటేననుకో. కానీ ఆ రోజు దూకింది అలవాటు కాదే, ఈ కన్ను! మా కుర్రాళ్ళకి ఆ కన్ను లేదు. వాళ్ళకి ఎటు కొట్టాలో చెప్పి కొట్టించాలి.”

కూతురు మడిచిన చొక్కానే విప్పి మళ్ళీ మడిచింది. తండ్రి ముఖం చూసింది. జాలేసింది కాబోలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎడమకి,” అంది తల వంచుకుని. “పెనాల్టీ అంటే ఎప్పుడూ ఆయన ఎడమకే దూకుతాడు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు.”

కోచ్‌కి ప్రాణం లేచొచ్చింది. కూతురి తల నిమిరి, ఒక్క ఉదుటున వాకిట్లోకి వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. తొందరలో కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడిగాడు.

“అడిగేశారన్నమాట,” అంది భార్య, చేతినిండా బట్టలతో మెట్లు దిగుతూ.

“అడిగాను! చెప్పింది! పెళ్ళయితేనేం, నా కూతురు నా పక్షమే! వాళ్ళాయన దూకేది ఎడమకి, మనవాళ్ళు కొట్టాల్సింది అతని కుడికి. ఇప్పుడే పోయి కుర్రాళ్ళకి చెప్పొస్తా.”

భార్య బట్టలు అక్కడే మెట్టు మీద పడేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

“ఎందుకే ఆ నవ్వు? నా కొంప మునుగుతుంటే నీకు నవ్వులాటగా ఉందా?”

ఆవిడ కూతురి గది వైపు ఓసారి చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“మీరు కుడికి దూకి ఆపారే, ఆ మ్యాచ్ ముందు రోజు మా నాన్న కూడా ఇలాగే మంచినీళ్ళ వంకతో వచ్చి నన్ను అడిగాడండీ. నేనూ ఎడమకే అని చెప్పాను.”