గోడ దూకిన వైరస్

"మరోసారి సరిచూడమ్మా," అన్నాడు ల్యాబ్ పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

ఆమె అప్పటికే మూడుసార్లు చూసింది. రెండు శాంపిళ్లు. ఒక్కో వైరస్ జన్యుక్రమంలో ముప్పైవేల అక్షరాలు. రెండింటిలోనూ పొల్లు పోకుండా ఒకటే వరస. ఊళ్లో ఇంకెవరిలోనూ కనిపించని కొత్త మార్పు కూడా రెండింటిలోనూ ఉంది. అంటే ఆ ఇద్దరినీ కలిపే దారేదో ఉండి తీరాలి. ఒకరు ఆమె తండ్రి, డ్రాయింగు మాస్టారు. రెండోవారు పక్కింటి ప్లీడరుగారు.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లే. ప్లీడరుగారు ప్రహరీ గోడ నాలుగు వరసలు పెంచి మాస్టారి బొమ్మల గదికి వెలుతురు లేకుండా చేశారు. అప్పట్నుంచి పన్నెండేళ్లుగా మాటల్లేవు.

వ్యాధి ఎలా పాకిందో ఆరా తీసే అధికారిణి ల్యాబుకే వచ్చి ఇద్దరికీ ఒకేసారి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. జ్వరాలు తగ్గుముఖం పట్టాయిగానీ పౌరుషాలు తగ్గలేదు.

"వాడి గాలి కూడా సోకనివ్వను నేను," అన్నారు మాస్టారు.

"సోకింది గాలే కదా సార్, అదే మా బాధ," అంది అధికారిణి.

మూడు వారాలుగా గడప దాటలేదని ప్లీడరుగారు ఒట్టేశారు. మాస్టారిదీ అదే మాట. ప్లీడరుగారింట్లో భార్యా, కొడుకూ. మాస్టారింట్లో ల్యాబులో పనిచేసే ఈ కూతురొక్కతే. వీళ్లెవరికీ జలుబైనా లేదు గనక ఎవరూ పరీక్ష చేయించుకోలేదు. ఇక మిగిలింది గోడే. గోడ పక్కన దగ్గింది నువ్వంటే నువ్వని పెద్దవాళ్లిద్దరూ ఆయాసం వచ్చేదాకా వాదించుకున్నారు. కాసేపటికి మాస్టారే మెల్లగా అడిగారు.

"వాసన తెలుస్తోందట్రా నీకు?"

"లేదురా. నీకు?"

"రంగుడబ్బా మూత తీసినా తెలియట్లేదు."

అవతల్నుంచి ఓ నిట్టూర్పు వినిపించింది. "ఒళ్లు తేరుకోనీ, ఆ నాలుగు వరసలూ నేనే తీయించేస్తాలే," అన్నారు ప్లీడరుగారు.

ల్యాబులో అందరూ నవ్వారు, మాస్టారి కూతురు తప్ప. అధికారిణి రిపోర్టులో ఏం రాస్తోందో ఆమెకు కనిపిస్తోంది. ఇద్దరూ ఎదురుపడలేదు గనక, ఈ కొత్త రకం ఆరుబయట ఎనిమిదడుగుల గోడ దాటి మరీ సోకుతోందట. సాయంత్రానికల్లా ఆ మాట దేశమంతా పాకుతుంది. జనం తలుపులూ కిటికీలూ బిగించుకుని ఉక్కలో ఉడికిపోతారు. తన ల్యాబు పేరు మీద అంత అబద్ధం బయటికి పోనివ్వడం ఆమె వల్ల కాలేదు.

కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్ మీదికి వంగింది.

"మామయ్యగారూ, మీ అబ్బాయికీ నాకూ పెళ్లయి నెలైంది."