మొదటి గ్లౌజు

బజర్ మళ్లీ మోగగానే గంగారత్నం తన చేతి గ్లౌజు లాగేసి, తీసుకెళ్లి ఇంజినీరు సత్యశ్రీ ముందున్న బల్ల మీద పెట్టింది.

చల్లపల్లి దగ్గరున్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఒలిచే ఆడవాళ్లందరికీ అలాంటి గ్లౌజులే ఇచ్చారు. వాటి వేళ్ల మీద రబ్బరులా సాగే సెన్సార్లను సత్యశ్రీయే త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేసింది. వేలు వంగినప్పుడల్లా అవి లెక్కపెడతాయి. వేగం తగ్గితే బజర్ మోగుతుంది. రోజుకు పదిసార్లు మోగితే మర్నాటి నుంచి పని లేనట్టే.

"మా వదినని నిన్న పంపేశారు మేడమ్. ఇవాళ నాకు తొమ్మిదిసార్లు మోగింది. వేళ్లు ఎలా వాచిపోయాయో చూడండి. ఏ మహాతల్లి చేతిని చూసి పెట్టారండీ ఈ వేగం?"

సత్యశ్రీ తల దించుకుంది. "మీ చేతినేనండీ. మొదటి గ్లౌజు మీకే తొడిగాం కదా."

గంగారత్నం బల్ల మీది గ్లౌజును చేతిలోకి తీసుకుంది.

"అది రోజూ చేసే పని కాదు మేడమ్! మీరు వీడియో తీస్తుంటే మా పనితనం చూపిద్దామని ఊపిరి బిగబట్టి ఒలిచాను. అరగంటే కదా అనుకున్నాను. మళ్లీ కొలవండి."

"మేనేజరుగారిని అడిగి చూశానండీ. ఒక్కరు చేయగలిగింది అందరూ చేయాలన్నారు."

గంగారత్నం గ్లౌజు తొడుక్కుని తన చోటికి వెళ్లింది. పక్కన ఒలుస్తున్న పెద్దామె తలెత్తకుండానే అడిగింది.

"ఎవరి చేతిని చూసి పెట్టారంట, రత్నం?"

"చెప్పలేదు పిన్నీ," అని గంగారత్నం రొయ్యను అందుకుంది.