పెన్ను మూసిన మనిషి

పెద్దక్క చేతిలోంచి చొక్కా జారి కింద పడింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు.

"చొక్కా కింద పడినా రాసుకోవాలా?" పెదవులు కదలకుండా గొణిగింది పక్కనున్న వసపిట్ట.

"నోరు మూసుకో. ఇటే చూస్తున్నాడు," అంది పెద్దక్క.

ఆ మనిషి సోమవారం నుంచి చొక్కాల ప్యాకింగ్ హాల్లో తిష్ట వేశాడు. బట్టతల, భుజాన సంచి, జేబులో నాలుగు పెన్నులు. పదిమంది కలిసి పనిచేసేటప్పుడు ఎవరు ఎలా ఉంటారో చూడటమే ఆయన చదువట. చదువుల్లో అలాంటిదొకటి ఉందని ఆ హాల్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

అంతవరకూ చూసీ చూడనట్టు పోయే సూపర్‌వైజరు మొదటి రోజే అందరి చెవినా వేశాడు.

"పైవాళ్ళు పంపిన మనిషి. ఎవరు పనికిరారో తేల్చడానికే వచ్చుంటాడు. రూలు గుర్తుందిగా. ఒకరి చొక్కా మీద ఇంకొకరి చెయ్యి పడిందంటే ఇద్దరూ ఇంటికే."

రూలు ఉన్నమాట నిజమే. ఆ బల్ల దగ్గర రూలు ప్రకారం పని జరిగి మాత్రం మూడేళ్ళు దాటింది.

పెద్దక్కకు చూపు మందగించింది. కళ్ళజోడుకు లొంగే జబ్బు కాదని డాక్టరు తేల్చేశాడు. చొక్కా మెడ దగ్గరి పట్టీ మీద సైజు చూసి అదే సైజు కవరులో పెట్టాలి. ఆవిడకేమో ఆ అంకెలు చీమల బారులా కనిపిస్తాయి.

అందుకే వసపిట్ట పొద్దస్తమానం వాగేది.

"మా అత్త నలభై రెండు మాటలంది. నేను ఊరుకుంటానా, నలభై నాలుగు అంటించాను."

ఆ వాగుడులోనే పెద్దక్క చొక్కాల సైజులన్నీ వరసగా దొర్లిపోయేవి.

దానికి బదులు పెద్దక్క ఆమె చొక్కాల కాలర్లు మడిచిపెట్టేది. మిషను సూది దిగినప్పటి నుంచి వసపిట్ట బొటనవేలు వంగదు. ఒకరి కన్ను, ఒకరి వేలు కలిసి రెండు కుటుంబాలను పోషిస్తున్నాయి. పెద్దక్క ఇంట్లో మంచాన పడ్డ మొగుడున్నాడు, సంపాదించేది ఆవిడొక్కతే.

ఇప్పుడు వసపిట్ట నోటికి తాళం పడింది. హాలంతా చావింట్లోలా ఉంది. పెద్దక్క ఒక్కో చొక్కా భుజాన్నీ జానతో కొలిచి సైజు పోల్చుకుంటోంది. ఒక్కటి తప్పినా దొరికిపోతుంది. పోనీ సెలవు పెడదామంటే ఎందుకని అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ మనిషి స్టూలు లాక్కుని ఆవిడ పక్కకే వచ్చాడు.

"మీ చేతిలోది ఏ సైజమ్మా?"

"నలభై రెండండి." పట్టీ కేసి చూస్తున్నట్టే చెప్పింది.

"పట్టీ తిరగబడి ఉందమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "అంకెలు అవతలి వైపున్నాయి."

పెద్దక్క చొక్కాను ఒళ్ళోకి లాక్కుంది. అయిపోయింది, ఇక ఇంటికే అనుకుంది.

ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

"భయపడకండి. మూడేళ్ళుగా ఈ బల్ల నుంచి ఒక్క తప్పు కూడా వెళ్ళలేదు. ఎవరో సాయం చేస్తున్నారు, అవునా? మీరు సరేనంటేనే రాస్తాను."

గాలానికి ఎర గుచ్చడమంటే ఇదే అనుకుంది పెద్దక్క.

"సాయమా? ఎవరి పని వాళ్ళదేనండి."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు. కావాలంటే దాన్నడగండి."

"ఆవిడెవరో, నేనెవరో," అంది వసపిట్ట తలెత్తకుండా.

ఆయన స్టూలు తీసుకుని తన చోటికి వెళ్ళాడు. సాయంత్రం సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటగానే వసపిట్ట పెద్దక్కను కావలించుకుంది. "ఎంత గట్టిదానివక్కా. గుటక కూడా వేయలేదు." ఐదు రోజులు దాచిన మాటలన్నీ ఆ ఒక్క పూటలో వడ్డీతో సహా వాగేసింది.

సోమవారం వచ్చేసరికి హాల్లో బల్లలు లేవు.

మనిషికి మించిన ఎత్తున చెక్క గోడలు లేచాయి. ఒక్కొక్కరికి ఒక్కో అర. లోపల ఒక పీట, ఒక చొక్కాల గుట్ట, కవర్లు. వసపిట్టను హాలు అవతలి చివర పెట్టారు. పెద్దక్క చొక్కా పట్టీని కళ్ళకు ఆనించుకుని చూసింది. ఆ గోడల నీడలో చీమలు కూడా కనిపించలేదు.

సూపర్‌వైజరు ముఖం వేలాడేసుకుని వచ్చి అర గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయన్ని మనం తప్పుగా అనుకున్నాం పెద్దక్కా."

"ఏమైంది?"

"ఈ గోడలు నెల కిందటే తయారట. మాటలు తగ్గితే చొక్కాలు పెరుగుతాయని పైవాళ్ళ లెక్క. ఆయనొక్కడే అడ్డం పడ్డాడట. వాళ్ళు ఒకరికొకరు ఆసరాగా పనిచేస్తున్నారు, విడదీస్తే కూలిపోతారని."

"మరి?"

"రుజువు చూపించమన్నారు. ఐదు రోజులు గడువిచ్చారు. చూపించలేకపోతే నేనే మానేస్తానని మాటిచ్చాడట పాపం. రుజువేమీ దొరకలేదని రాసిచ్చి, శుక్రవారమే మానేసి వెళ్ళిపోయాడు."

సూపర్‌వైజరు పక్క అర కేసి వెళ్ళిపోయాడు.

చూపు ఆనని మనిషి చేతి మీదుగా మూడేళ్ళుగా ఒక్క తప్పూ రాలేదని ఒక్క వాక్యం రాసుంటే ఆయన గెలిచేవాడని, అది రాస్తే తమ ఇద్దరి కూడూ పోతుందనే ఓడిపోయి వెళ్ళాడని, ఆ నాలుగు గోడల మధ్య ఒంటరిగా నిలబడ్డాక గాని పెద్దక్కకు తెలియలేదు.