పట్టు విడిపించే విద్య

"కరాటేనా, బాక్సింగా, జూడోనా? ఏది నేర్చుకుంటే నిజంగా పనికొస్తుంది మేడమ్?" మనవరాలు కోచ్‌ని అడిగింది.

పెళ్ళయి ఏడాదైనా కాని పిల్లకి ఇదేం సరదా అనుకుంది, శిక్షణ హాల్లో ఓ పక్క బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ. కాసేపట్లో మొగుడొచ్చి తీసుకెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పుడు పంపిస్తాడో అన్నదే ఆవిడ దిగులు.

"రోడ్డు మీద పోకిరీవెధవ ఎక్కడ పట్టుకుంటాడో చెప్పు. దాన్నిబట్టి ఏది నేర్చుకోవాలో నేను చెబుతా," అంది కోచ్.

"వెనకనుంచి జుట్టు చేతికి చుట్టుకుంటారు. గోడకేసి అదిమిపెడతారు. అరవబోతే నోరు మూస్తారు."

"పోకిరీవెధవకి అంత మర్యాదేమిటే! చుట్టుకుంటారుట, మూస్తారుట..." నవ్వబోయిన అమ్మమ్మ నోరు అలాగే ఉండిపోయింది.

మనవరాలు తల దించుకుంది.

కోచ్ గొంతు తగ్గించింది. "విడిపించుకుంటే పారిపోయే దారుందా?"

"తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటారు."

"అలాంటి గదిలో ఏ విద్యనీ నమ్ముకోలేం తల్లీ. అసలు అక్కడికి వెళ్ళకూడదు."

కింద కారు హారన్ మోగింది. మనవరాలు ఉలిక్కిపడి లేచింది. ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం కంగారుగా వెతుక్కుంటోంది. "పద అమ్మమ్మా, ఆలస్యమైతే ఊరుకోరు."

అమ్మమ్మ లేచి వెళ్ళి హాలు తలుపుకి లోపల గడియ పెట్టింది.

"మోగించుకోనీ వాణ్ణి," అంది.

హారన్ ఆగిపోయింది. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.