తెగే తలకు పేరు

మిర్యాలగూడ వీడియో హాలులో జపాను సినిమాలకు మైకులో తెలుగు చెప్పేది నేనే. ఆ భాష నాకు రాదు. కథ నేనే కల్పిస్తాను.

ఇప్పుడు ఆడుతున్న సినిమాలో తెగిన తల గాల్లో ఎగిరి వచ్చి, నరికినవాడి పిర్ర కొరుకుతుంది. జనం పడీపడీ నవ్వుతారు. వారం రోజులుగా, కత్తి లేవగానే, ఆ తలకు మా అన్న మైసయ్య పేరు పెడుతున్నాను. సాగర్ కాలువ నీళ్లు నా మడికి రాకుండా అడ్డంగా మట్టి కట్ట వేశాడు. నా వరి ఎండిపోయింది.

ఈ రాత్రి ఆట మధ్యలో వదిన నర్సమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"కాటయ్యా, ఆ తలకు ఆ పేరు పెట్టకు. నువ్వు పెట్టిన కాడి నుంచి మీ అన్న మెడ సుట్టు ఎర్రగ గీత పడ్డది. రోజురోజుకు లోతు అయితున్నది."

"నీళ్లు ఇడుస్తడా?"

"మనిషి పోతడంటే నీళ్లు అంటవేంది?"

"ఇడుస్తడా, ఇడువడా?"

ఆమె తెర వైపు తిరిగింది.

తెర మీద కత్తి లేచింది. రోజూ వెంటనే దిగుతుంది. ఇవాళ దిగలేదు. బొమ్మ ఆగిపోయిందనుకున్నాను. కానీ కత్తి వెనక వాన కురుస్తూనే ఉంది. కత్తి పట్టినవాడు మెల్లగా తల తిప్పి నావైపు చూశాడు.

"పేరు సెప్పవేంది కాటన్నా!" వెనక బెంచీ మీద ఎవరో అరిచారు. "మీ అన్నదే గద తలకాయ!"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మైకులో నా ఊపిరి బుసలా వినిపించింది.

వదిన నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.